ఇనుమే ఆగదన్నారు కదండీ

మా షెడ్డులో డ్యామేజీ అంటే ఒకటే అర్థం. చిక్కంలోంచి జారి నేలకు కొట్టుకున్న కాయ, తొడిమ విరిగి సొన కారి మచ్చపడిన కాయ, ట్రేలో అడుగున పడి నొక్కుకుపోయిన కాయ, ఇవన్నీ డ్యామేజీ. వాటిని పక్కన పోస్తే రసం ఫ్యాక్టరీ లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. ముసునూరు దగ్గరున్న ఈ మామిడితోట ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, నువ్వు చేసే ఉద్యోగమేమిటమ్మా అని ఎవరో అడిగితే, తేలికగా అర్థమవుతుంది కదా అని "లోహాల్లో డ్యామేజీ గురించి పరిశోధన చేస్తానండీ" అన్నాను. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ అనుభవిస్తున్నాను. "మా కోడలు డ్యామేజీలో పీహెచ్‌డీ" అని మా అత్తగారు పెళ్ళిళ్ళలో కూడా పరిచయం చేస్తారు. ఆమధ్య గాలివానకు కాయ రాలినప్పుడు, నష్టం రాసుకునే ఆఫీసరమ్మను నేనేననుకుని ఒక రైతు పనిగట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. నేను ఇనుము మనిషినండీ అని చెబితే, "మామిడికి వేరేవాళ్ళుంటారాండీ?" అని అడిగి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

నేను నూజివీడులో ఒక కాలేజీలో లోహశాస్త్రం చెబుతాను. పుట్టి పెరిగింది విశాఖలో, కాబట్టి మామిడి గురించి నాకు తెలిసింది తినడం వరకే. పాఠాలు పోగా మిగిలిన కాలంలో, వేరే రాష్ట్రాల్లో ఉన్న కొందరితో కలిసి, ఫ్యూజన్ రియాక్టర్ గోడకు ఎలాంటి ఉక్కు ఆగుతుందో చూస్తుంటాను. సూర్యుడిలో జరిగే పనిని నేల మీద ఒక గదిలో చేయించాలని ప్రపంచమంతా కిందామీదా పడుతోంది. రెండు తేలిక కేంద్రకాలు కలిసిపోయినప్పుడు మహావేగంతో ఒక న్యూట్రాన్ బయటికి వస్తుంది. దానికి విద్యుదావేశం లేదు గనక ఏ అయస్కాంతానికీ లొంగదు. తిన్నగా వచ్చి గోడలో దూరుతుంది. ఉక్కులో బారులు తీరి కూర్చున్న పరమాణువులను తన్ని లేపుతుంది. లేచినవాటిలో చాలావరకు మళ్ళీ ఏదో ఒక ఖాళీ చూసుకుని కూర్చుంటాయి. కొన్నింటికి మాత్రం చోటు దొరకదు. మిగిలిపోయిన ఖాళీలన్నీ ఒకచోట చేరి బుడగలవుతాయి, లోపలే హీలియం పుట్టి వాటిలో చేరుతుంది, గట్టి ఉక్కు కాస్తా ఉబ్బి పెళుసుబారుతుంది. ఎన్నాళ్ళకు, ఎంత, ఎలా అన్నదే మా చదువంతా.

చిక్కెక్కడంటే, అంత వేగమైన న్యూట్రాన్లు కావలసినన్ని ఇప్పుడు ఎక్కడా దొరకవు. మామూలు రియాక్టర్లలో ఉండేవి నెమ్మదివి, వాటితో హీలియం అంతగా పుట్టదు. అయాన్లతో కొడితే పని త్వరగా అవుతుంది గానీ దెబ్బ పైపొర దాటదు. అందుకే డ్యూటెరాన్లనే బరువు హైడ్రోజన్ కేంద్రకాలను యాక్సిలరేటర్‌లో తరిమి, కరిగి తెరలా జారుతున్న లిథియం లోహం మీద కొట్టి, న్యూట్రాన్లను వానలా కురిపించే కేంద్రం కావాలంటారు. గోడ ఏళ్ళ తరబడి తినే దెబ్బలను అక్కడ కొద్దికాలంలోనే తినిపించి చూడొచ్చు. అలాంటిది ఇంకా కడుతూనే ఉన్నారు. అది పూర్తయ్యేలోగా మేం దొరికిన వసతులతోనే గోరంత ఉక్కు ముక్కలను పరీక్షిస్తున్నాం. ఆ వేసవిలో వచ్చిన ఫలితాలు నా బుర్ర తిరిగిపోయేలా ఉన్నాయి. ఒకే ఉక్కు, లెక్క ప్రకారం తిన్న దెబ్బలూ ఒకటే. తొందరగా తిన్న ముక్క ఒక తీరుగా ఉంది, నిదానంగా తిన్న ముక్క మరో తీరుగా ఉబ్బింది. ఏది నమ్మాలో తేలక, సెలవులన్నీ లాప్‌టాప్ పట్టుకుని షెడ్డులో పెద్ద ఫ్యాను కిందే కూర్చున్నాను.

షెడ్డులో కాయ ఏరే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద ఒకావిడ. ఊళ్ళో అందరికీ మేస్త్రమ్మ. నేను పిన్నీ అంటాను, ఆవిడ నన్ను మేడంగారూ అంటుంది. చాట్రాయి రోడ్డు పక్క కాలనీలో ఒక్కతే ఉంటుంది. చలికాలంలో ఆవిడకు రొమ్ములో గడ్డ తీశారని, గండం గడిచిందని మా అత్తగారు చెప్పారు. సీజను మొదలయ్యేసరికి పనిలోకి వచ్చేసింది కూడా. ట్రేలు ఎత్తేది కాదు, కూర్చునే ఏరేది. నోటికి మాత్రం ఏ ఆపరేషనూ కాలేదు. ఎవరి కాయ ఏ ట్రేలో పడాలో కూర్చున్నచోటి నుంచే అరిచేది.

ఒకరోజు అన్నాలయ్యాక ఆవిడే అడిగింది. "మేడంగారూ, పొద్దస్తమానం ఆ పెట్టెలో ఏం చూస్తారండి?"

"ఇనుము ఎలా పాడవుతుందో చూస్తున్నా పిన్నీ."

"తుప్పాండి?"

"తుప్పు కాదు. రేడియేషన్."

ఆ మాటకు ముఠా అంతా చేతులాపి నా వైపు తిరిగింది. నా క్లాసులో పిల్లలు ఏనాడూ అంత శ్రద్ధగా వినలేదు. దాంతో నాకు ఊపొచ్చింది. ఎంత గట్టి ఉక్కైనా రేడియేషన్ పడితే లోపల గుల్లబారుతుందన్నాను. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, ఒకరోజు టప్పున విరుగుతుందన్నాను. చేతిలో ఉన్న పెన్ను రెండు చేతులతో పట్టుకుని విరిచినట్టు చూపించాను కూడా. అందరూ అయ్యో అన్నారు. మేస్త్రమ్మ మాత్రం ఒళ్ళో ఉన్న కాయను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

మా అత్తగారికి ఇలాంటివి దొరికితే వదలరు. "ఆ గోడ పాడవడానికి ఏళ్ళు పడుతుందంటావు. అన్నేళ్ళు ఆగలేక బలమైన మిషను పెట్టి గబగబా కొట్టేస్తారంటావు. అంటే పొడి పెట్టి మాగబెట్టడమేగా?" అన్నారు. పొడి అంటే కార్బైడు. ఆ మాట ఈ తోటలో బూతుతో సమానం. కార్బైడు పెట్టిన కాయ పైకి పసుపుపచ్చగా పండి లోపల పుల్లగా ఉంటుంది.

"కాదత్తయ్యా! మీరు చెప్పేది అయాన్ల సంగతి. అది పైతొక్కే. న్యూట్రాన్ టెంక దాకా పోతుంది."

"టెంక దాకా పోతే పోనీ. గడ్డిలో నిదానంగా మాగిన కాయా అదీ ఒకటేనా?"

"అదే తేలడం లేదు," అన్నాను. షెడ్డంతా ఒకటే నవ్వు. నాకు మండిపోయింది, ఎందుకంటే ఆవిడ సరదాకన్న మాటే నేను నెలల తరబడి తల బాదుకుంటున్న సంగతి. లాప్‌టాప్ మూసేసి ఇంట్లోకి వెళ్ళిపోయాను.

తర్వాత కొన్నాళ్ళకు మేస్త్రమ్మ నా పక్కకొచ్చి నిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి, "మేడంగారూ, కరెంటు పెట్టించుకోమంటున్నారండి. పెట్టించుకోవచ్చంటారా?" అంది.

ఆవిడ ఇంటి వెనక కొత్తగా ఒక గది వేసుకుందని, మీటరు రావాలని విన్నాను. నా కళ్ళ ముందు ఉక్కు ముక్కల గ్రాఫులున్నాయి. తలెత్తకుండానే, "పెట్టించుకో పిన్నీ, దానికేం ఆలోచన?" అన్నాను.

"భయంగా ఉందండి."

"భయమెందుకు? ఈ రోజుల్లో అందరూ పెట్టించుకుంటున్నదే. ఆలస్యం చేయొద్దు."

"ఒళ్ళు కాలిపోద్దంటున్నారండి."

"సరిగ్గా చేసేవాళ్ళు చేస్తే ఏమీ కాలదు. తెలిసినవాడేనా?"

"పెద్దాయనేనండి. బెజవాడలో బాగా పేరున్నాయన."

ఒక్క గదికి బెజవాడ నుంచి ఎలక్ట్రీషియన్ ఎందుకా అనిపించింది. ఈవిడ అన్నీ ఘనంగా చేయించుకుంటుంది కాబోలు అనుకున్నాను. "అయితే ఇంకేం? ధైర్యంగా వెళ్ళి రమ్మను, వచ్చి పెట్టమను," అని తలా తోకా లేకుండా ఏదో అన్నాను. ఆవిడ నా భుజం తాకి, "మీరు చెప్పారు, చాలండి" అంది. మొహం తేటపడింది. ఒక మంచి మాట చెప్పి పంపానని నాకూ బాగానే అనిపించింది.

ఆ వారంలోనే బెజవాడ వెళ్ళి వచ్చింది. మర్నాడు షెడ్డుకొచ్చి, మెడ కింద జాకెట్టు అంచు కొంచెం జరిపి అత్తగారికి ఏదో చూపించింది. నీలం సిరాతో గీసిన గీతల చివర్లు కనిపించాయి. చెమటకు చెరిగిపోకుండా చూసుకోమన్నారట. ఆ ఎండలో, ఆ రేకుల కింద, చెమట పట్టకుండా ఉండడం ఎవరి తరం? మా అత్తగారు ఆవిడను నా ఫ్యాను కిందికి పంపి, నన్ను పక్కకు జరగమన్నారు. అవేం గీతలని నేను అడగలేదు. ఆపరేషన్ తాలూకు పరీక్ష ఏదో అనుకుని మళ్ళీ గ్రాఫుల్లో తల దూర్చాను.

ఆ పై సోమవారం ఆవిడ పనికి రాదని చెప్పారు. కానీ మధ్యాహ్నానికే తిరిగి వచ్చేసింది. బెజవాడకు కట్టుకెళ్ళిన చీరలోనే ఉంది, చేతిలో టిఫిను డబ్బా తెరవనేలేదు. నేరుగా వెళ్ళి కలెక్టరు రకం మామిడికాయల కుప్ప ముందు కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. నేను పలకరిస్తే నా మొహంకేసి కూడా చూడలేదు. ఏం జరిగిందో నాకు అంతుపట్టలేదు.

మా అత్తగారు నన్ను నూతి దగ్గరికి పిలిచారు. "ఏం చెప్పావే దానికి?"

"ఏం చెప్పాను?"

"కరెంటు పెట్టించుకోమన్నది నువ్వే అంటగా. భయం లేదన్నావంట. ఆ ధైర్యంతోనే పోయింది. తీరా అక్కడ నర్సమ్మ, రేడియేషన్‌కి వచ్చినవాళ్ళు ఇటు రండి అని పిలిచిందంట. రేడియేషనా అని అడిగిందంట ఇది. అవునమ్మా, కరెంటన్నా రేడియేషనన్నా ఒకటే అన్నారంట. అంతే, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బస్సెక్కేసింది. ఇనుమే ఆగదని చెప్పింది కూడా నువ్వేగా?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మీటరన్నాను. వైరింగన్నాను. కొత్త గదన్నాను. మా అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు. "కరెంటు పెట్టడమంటే క్యాన్సరుకు పెట్టే కరెంటే. ఈ జిల్లాలో చంటిపిల్లను అడిగినా చెప్పుద్ది. రేడియేషన్ మీద పీహెచ్‌డీ చేశావు, ఆ మాట తెలీదా?" అన్నారు.

తెలియదు. నిజంగా తెలియదు. ఇన్నేళ్ళుగా నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా దాన్ని కరెంటని రాయలేదు. గండం గడిచిందంటే గడిచిందనుకున్నాను, ఆ గడ్డ క్యాన్సరని కూడా నాకెవరూ నోరు విప్పి చెప్పలేదు. నాకు ముందు కోపమొచ్చింది. ఇంట్లో ఒక మాట, ఆసుపత్రిలో ఒక మాట, కాలేజీలో ఒక మాట పెట్టుకుంటే మనుషులు ఎలా మాట్లాడుకుంటారు? తర్వాత భయమేసింది. ఆవిడను పంపింది నా మాటే, వెనక్కి తెచ్చింది నా మాటే. రెండుసార్లూ నేను మాట్లాడింది వేరే దేని గురించో. ఇప్పుడు ఆవిడ వెళ్ళకపోతే, లోపల మిగిలిన జబ్బు మళ్ళీ లేస్తే? నూతి గట్టు మీదే కూర్చుండిపోయాను.

సాయంత్రం నేనూ అత్తగారూ కాలనీకి వెళ్ళాం. మేస్త్రమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కూర్చోమని చాప వేసింది, మర్యాదకేం లోటు చేయలేదు. దారిలో నేను జాగ్రత్తగా కూడబలుక్కున్న మాటలన్నీ ఆ చాప మీద కూర్చోగానే ఎగిరిపోయాయి.

"అది వేరు, ఇది వేరు పిన్నీ," అన్నాను.

"రెండూ రేడియేషనే కదండీ?"

"రెండూ రేడియేషనే."

"మరి?"

"నేను చెప్పింది న్యూట్రాన్లు. వీళ్ళు పెట్టేది ఎక్స్‌రే జాతి కిరణాలు. పాము కాటూ కాటే, చీమ కాటూ కాటే. రెండూ ఒకటవుతాయా?"

"ఇది పామాండి, చీమాండి?"

చీమ అనలేను. పాము అనకూడదు. అబద్ధం చెప్పి పంపుదామా అని ఒక్క క్షణం అనిపించింది. అది ఒంటికి ఏమీ చేయదు, ఊరికే వెలుతురు, వెళ్ళి పడుకుని రా అంటే ఆవిడ నమ్మేది. కానీ నా నోటి మాటకు ఆవిడ దగ్గర ఎంత విలువుందో అప్పటికే రెండుసార్లు చూశాను. మూడోసారి కూడా అడ్డదిడ్డంగా వాడటానికి ధైర్యం చాలలేదు.

"విరగ్గొడుతుంది పిన్నీ," అన్నాను చివరికి. "అబద్ధమెందుకు? విరగ్గొట్టడానికే పెడతారు. గడ్డ తీసినా కంటికి కనిపించని ముక్కలు లోపల మిగిలుండొచ్చు. వాటిని విరగ్గొట్టాలి."

"పక్కనున్న మంచిది కూడా విరుగుద్ది కదండి?"

"కొంచెం విరుగుతుంది. కానీ మంచిదానికి మళ్ళీ సర్దుకునే గుణం ఉంది. చెడ్డదానికి అంత లేదు. అందుకే ఒక్కరోజులో మొత్తం పెట్టరు. రోజూ కాస్త పెట్టి, మర్నాటిదాకా సర్దుకోనిస్తారు. అందుకే అన్ని వారాలు రమ్మంటారు."

చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. కొట్టేది అంతే అయినా తొందరగా కొడితే ఒకలా, నిదానంగా కొడితే ఇంకోలా ఉండటమే కదా నా పనిలో నన్ను ఏడిపిస్తున్నది? మాకు అదొక శని. నిదానానికి మాకు వ్యవధి లేదు, తొందరను నమ్మలేం. ఇక్కడేమో ఆ తేడాయే ఈవిడ ప్రాణానికి ఆసరా. ఇనుము గురించి తెలిసినదాన్ని మనిషి మీద చెప్పొచ్చో లేదో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పింది తప్పైతే? ఆ వాకిట్లో కూర్చుని, నేను ఇంతకాలం చదివింది ఏమిటో నాకే అయోమయంగా అనిపించింది.

"ఇదంతా నాకంటే డాక్టరుగారికి బాగా తెలుసు. ఆయన్నే అడుగుదాం," అన్నాను.

"ఆయన కరెంటన్నాడు గానీ రేడియేషనని చెప్పలేదండి." ఆవిడ చేటలోంచి ఒక రాయి తీసి అవతల పారేసింది. "తెలిస్తే భయపడతాననేమో."

మా అత్తగారు ఇక ఊరుకోలేకపోయారు. "ముల్లును ముల్లుతోనే తియ్యాలే. దానికింత పంచాయితీ ఏంటి?" అని కసిరారు.

"ముల్లు తీసేటప్పుడు ఎవరో ఒకళ్ళు పక్కనుండి కాలు పట్టుకుంటారు కదండి," అంది మేస్త్రమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు నా పక్కనుంటారా మేడంగారూ? మీరుంటే పోతాను."

"ఉంటాను," అన్నాను వెంటనే. ఆవిడ వెళ్తుందన్న సంతోషంలో ఇంకేం ఆలోచించలేదు. ఇంటికొచ్చాక కూడా ఆలోచించలేదు. ఆ రాత్రి అన్నం కూడా కడుపునిండా తిన్నాను.

మర్నాడు స్కూటరు మీద హనుమాన్ జంక్షన్ వెళ్ళి, ఒక దుకాణం ముందు బండి పెట్టి, బెజవాడ బస్సెక్కాం. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, గీతలు చెరుగుతాయేమోనని జాకెట్టు ఒంటికి అంటకుండా రెండు వేళ్ళతో పట్టుకునే ఉంది. హైవే మీద లారీల్లో మామిడి ట్రేలు కనిపించినప్పుడల్లా అవి ఎవరి తోటవో చెప్పింది. డాక్టరుగారు తొందరలో ఉన్నా ఓపిగ్గానే మాట్లాడారు. నేను చెప్పింది మొత్తం తప్పు కాదని తేలి నాకు ప్రాణం లేచొచ్చింది. చర్మం కొంచెం నల్లబడుతుందని, నీరసం ఉంటుందని, భయపడి మధ్యలో మానేయడమే అన్నిటికంటే ప్రమాదమని ఆయన ఆవిడకే సూటిగా చెప్పారు. ఆవిడ బుద్ధిగా తలూపింది.

తర్వాత ఆవిడ పేరు పిలిచారు. ఇద్దరం కలిసి నడిచాం. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మలుపు తిరిగితే ఒక పెద్ద తలుపు, మనిషి చేత్తో తోస్తే కదలనంత మందం. లోపల మంచం లాంటి బల్ల, దాని మీదికి వంగిన మిషను. అక్కడ పనిచేసే అమ్మాయి ఆవిడను లోపలికి తీసుకుని, నన్ను చూసి, "మీరు బయటుండాలి మేడం," అంది.

"ఈవిడకు భయం. నేను పక్కనుంటానని చెప్పాను."

"ఎవరూ ఉండకూడదు మేడం. మేం కూడా బయటికి వచ్చేస్తాం."

"నేను రేడియేషన్ మీదే పనిచేస్తానమ్మా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అదేదో లోపలికి వెళ్ళడానికి టిక్కెట్టన్నట్టు.

"అయితే మీకే తెలుసు కదా మేడం," అంది ఆ అమ్మాయి. వెటకారం కాదు, మామూలుగానే అంది.

తెలుసు. మా ఉక్కు ముక్కల దగ్గరికి ఎవరం వెళ్ళం. వాటిని మందపాటి గోడ అవతలి నుంచి, అద్దంలోంచి చూస్తూ, మర చేతులతో పట్టుకుంటాం. దెబ్బ తిన్నాక వాటిలోంచి వచ్చే రేడియేషన్ తగ్గేదాకా నెలల తరబడి తాకం. ఆ గదిలో నిలబడకూడదని ఈ భూమ్మీద అందరికంటే ముందు తెలియవలసింది నాకు. అది తెలిసి కూడా, వాకిట్లో కూర్చుని ఉంటానని ఎలా అన్నాను? ఆవిడ నా చెయ్యి వదలలేదు. నేనే విడిపించుకోవలసి వచ్చింది. "ఇక్కడే ఉంటా పిన్నీ, తలుపు బయటే," అన్నాను. ఆవిడ బల్ల వైపు తిరిగింది. ఆ అమ్మాయి కూడా బయటికొచ్చింది, తలుపు మూసుకుంది, పైన ఎర్ర లైటు వెలిగింది.

కాసేపట్లోనే అయిపోయింది. లోపల బల్ల ఎక్కడానికి, దిగడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు. ఆవిడ కొంగు సర్దుకుంటూ బయటికొచ్చింది. నొప్పిగా ఉందా అంటే లేదంది. ఏమైనా తిందామా అంటే వద్దంది. బస్సులో గన్నవరం దాటేదాకా నేనే ఆగకుండా ఏదేదో మాట్లాడుతూ వచ్చాను.

"మేడంగారూ," అంది చివరికి. "అది నాకు మంచిదే కదండి?"

"మంచిదే పిన్నీ."

"మంచిదైతే అందరూ బయటికి పోయి తలుపేసుకున్నారేంటండి?"

దీనికి నా దగ్గర జవాబుంది. "వాళ్ళు రోజంతా అక్కడే పనిచేస్తారు కదా. జబ్బు లేనివాళ్ళకు అది అక్కర్లేదు. అక్కర్లేనివాళ్ళకు తగలకూడదు."

"మీకూ అక్కర్లేదు కదండి."

"అక్కర్లేదు."

"ఆ సంగతి నిన్న తెలీదాండి మీకు?"

"తెలుసు."

"మరి పక్కనుంటానన్నారు."

బస్సు హనుమాన్ జంక్షన్‌లో ఆగింది. దిగే హడావుడిలో నేను బతికిపోయాననుకున్నాను. స్కూటరు దగ్గరికొచ్చాక ఆవిడ వెనక కూర్చుంటూ, కోపం లేకుండా, ఎండ గురించి చెప్పినంత మామూలుగా అంది. "రేపట్నుంచి మీరు రాకండి. మీ పెట్టె పనులు చూసుకోండి. లోపల ఎట్టాగూ ఒక్కదాన్నే కదండి, దారిలో తోడెందుకు?"

బండి స్టార్టు చేశాను. మాట వరసకు అందనీ, పొద్దున్నే మనసు మారుతుందనీ ఇంటికి వచ్చేదాకా నాకు నేనే చెప్పుకున్నాను. అత్తగారు ఏం జరిగిందని అడిగితే, బాగానే జరిగిందన్నాను. అదీ నిజమే.

మర్నాడు పొద్దున్నే బండి తీసుకుని కాలనీకి వెళ్ళాను. ఒకవేళ ఆవిడ వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చుని ఉంటే ఎలా బతిమాలాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. తలుపుకు తాళం వేసి ఉంది. నీళ్ళు పట్టుకుంటున్న పక్కింటావిడ నన్ను చూసి, "మేస్త్రమ్మ మొదటి బస్సుకే బెజవాడ పోయిందండి, కరెంటు పెట్టించుకోవటానికి. మీరొస్తే చెప్పమంది," అంది. వెళ్ళినందుకు సంతోషించాలో, నేను లేకుండా వెళ్ళినందుకు ఏడవాలో తెలియక, ఆ తాళం ముందు అలాగే నిలబడ్డాను.